పాత కార్లన్నీ పాతవే, మరి కొన్నిటికే కోట్లెందుకు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఒకే ఏడాది ఫ్యాక్టరీ గేటు దాటిన రెండు కార్లలో ఒకటి తుక్కు కింద తూకానికి పోతే, రెండోది వేలంలో కోట్లు ఎందుకు పలుకుతుంది? ఇంట్లో ఉన్న పాత కారును అలాగే అట్టిపెట్టుకుంటే దానికీ ఎప్పటికైనా అలాంటి రోజు వస్తుందా? పాత కార్లను బాగుచేయడం, కొనబోయేవాళ్ళ తరఫున వెళ్ళి తనిఖీ చేసి రావడం, ఈ రెండు పనుల్లోనే ముప్ఫై ఏళ్ళు గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు వయసు సంగతి తేల్చేద్దాం. వయసుకూ ధరకూ నేరుగా సంబంధం లేదు. ఫోర్డ్ మోడల్ టి 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైంది. ప్రపంచాన్ని అంతగా మార్చిన కారు ఇంకోటి లేదు. వందేళ్ళు దాటిన మోడల్ టిలు నడిచే స్థితిలో ఇప్పటికీ దొరుకుతున్నాయి, అదీ ఒక మామూలు కొత్త కారు ధరకో, ఇంకా తక్కువకో. మరోపక్క 1995లో తయారైన ఒక మెక్‌లారెన్ ఎఫ్1 పాతికేళ్ళు దాటీ దాటకముందే, 2021 వేలంలో 2 కోట్ల డాలర్లు దాటింది. అది అప్పటికి తిరిగింది 400 కిలోమీటర్లు కూడా లేదు.

ఏ కారు ముందు నిలబడినా నేను రెండే చూస్తాను. ఈ కారు మీద మనసు పడ్డవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఇది ఆ కారే అనడానికి రుజువు ఎంత గట్టిది? అరుదుగా ఉండటం, రేసులు గెలవడం, పెద్దవాళ్ళ పేరు ముడిపడి ఉండటం, అందం, ఇవన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదానికిందికే వస్తాయి. రుజువు గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. బయటి నుంచి చూసేవాళ్ళకు అసలు కనబడనిది అదే.

"మొత్తం పదే తయారయ్యాయి, అందుకే అంత ధర" అని వార్తల్లో రాస్తుంటారు. అది సగం నిజం. ఎవరికీ అక్కర్లేక పదితో ఆగిపోయిన కార్లు చరిత్రలో బోలెడున్నాయి. అవి ఇవాళ కూడా ఎవరికీ అక్కర్లేదు. ధర తెచ్చే అరుదు వేరు. ఆ రోజుల్లో కొనాలని ఉన్నా ఏదో ఒకటి అడ్డుపడి ఉండాలి. తర్వాత ఆ అడ్డు పోవాలి, కోరిక మాత్రం పోకూడదు.

1971 ప్లిమత్ బారకూడా అనే అమెరికన్ కారు దీనికి మంచి ఉదాహరణ. అందులో హెమీ అనే 7 లీటర్ల ఇంజిన్ పెట్టించుకుంటే 425 హార్స్‌పవర్. పైకప్పు మడిచే కన్వర్టిబుల్ కూడా దొరికేది. అయితే ఆ ఇంజిన్‌కు అదనంగా కట్టాల్సిన డబ్బు ఎక్కువ. ఇంత పవరున్న కార్లంటే, అందులోనూ కుర్రవాళ్ళు నడుపుతారంటే, బీమా కంపెనీలు ప్రీమియం విపరీతంగా పెంచేసేవి. పొగ నిబంధనలు ముంచుకొస్తున్నాయి, హెమీకి అదే ఆఖరి ఏడాది. దాంతో హెమీ ఇంజిన్, కన్వర్టిబుల్ రెండూ కలిసిన కార్లు ఆ ఏడాది డజను వరకే తయారయ్యాయి. 2014లో వాటిలో ఒకటి వేలానికొస్తే 35 లక్షల డాలర్లు పలికింది. షోరూం అద్దానికి ముక్కు ఆనించి ఆ కారును చూసిన పదహారేళ్ళ కుర్రాడికి 2014 నాటికి అరవై ఉంటాయి. ఇల్లు కట్టుకున్నాడు, పిల్లలు స్థిరపడ్డారు, చేతిలో డబ్బుంది. బీమా ప్రీమియం ఇప్పుడతనికి లెక్కలోకే రాదు. ఆ అద్దం మాత్రం ఇంకా కళ్ళముందే ఉంది.

బీఎండబ్ల్యూ 507 కథ కూడా ఇలాంటిదే. 1950ల చివర్లో వచ్చిన ఆ కారు చూడముచ్చటైనది, కానీ ఖరీదు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువైపోయింది. 250 పైచిలుకుతో ఆగింది, కంపెనీని నష్టాల్లోకి లాగింది. ఆనాడు ముంచిన కారే ఇప్పుడు లక్షల డాలర్లు చేస్తోంది. బుగాటి రాయల్ మరీను. రాజుల కోసమని 12.7 లీటర్ల ఇంజిన్‌తో కట్టారు. ఆరేడుకు మించి తయారవలేదు, ఏ రాజూ ఒక్కటి కూడా కొనలేదు. మిగిలిపోయిన ఇంజిన్లను రైలు పెట్టెలు నడపడానికి వాడేశారు.

దీనికి భిన్నమైనది జాగ్వార్ ఇ-టైప్. 70 వేలకు పైగా తయారైంది. అంటే అరుదు కానే కాదు. అయినా మంచి కారుకు మంచి ధర ఉంది, ఎందుకంటే చూసిన ప్రతివాడికీ కావాలనిపిస్తుంది. అన్ని వేలల్లోనూ కొనేవాళ్ళు వెతికేది 1961లో తయారైన మొదటి 500ని. వాటిని గుర్తుపట్టడం తేలిక. బానెట్‌కు రెండు పక్కలా బయటివైపు తాళం రంధ్రాలుంటాయి. 'టి' ఆకారంలో ఉండే తాళంచెవి పెట్టి తిప్పితేనే బానెట్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత తాళాన్ని కారు లోపలికి మార్చారు. నడపడంలో తేడా ఏమీ లేదు. ఆ రెండు చిన్న రంధ్రాలు "నేను మొదట పుట్టినదాన్ని" అని చెబుతాయి, దానికే అంత విలువ. మొదటిది, ఆఖరిది అనే రెండు మాటలకు ఈ లోకంలో ఎప్పుడూ గిరాకీ ఉంది. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పోర్షా 911లు 1998లో ఆగిపోయాయి. ఆ ఆఖరి తరం కార్ల వెంట జనం ఎందుకు పడతారో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

ఇక రేసులు. అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన కార్ల పట్టిక చూస్తే చాలా మటుకు రేసు కార్లే కనిపిస్తాయి. దీని వెనక హోమోలోగేషన్ అనే పద్ధతి ఉంది. మామూలు కార్ల తరగతిలో పోటీ చేయాలంటే ఆ కారును ఇన్ని తయారుచేసి జనానికి అమ్మి ఉండాలని రేసు నిబంధన. దాంతో కంపెనీలు రేసు కోసం కట్టిన కారుకే నంబరు ప్లేటు తగిలించి రోడ్డు మీదికి వదిలేవి. పోర్షా 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 అలా వచ్చిందే. 500 అమ్మితే చాలు, అవైనా పోతాయా అని కంపెనీలోనే కొందరు భయపడ్డారు. చివరికి 1,580 తయారయ్యాయి. పలచటి రేకు, పలచటి అద్దం, వెనకాల బాతు తోకలా పైకి లేచిన స్పాయిలర్. పక్కనే అదే ఏడాది మామూలు 911 నిలబెడితే కొత్తవాళ్ళకు ఆ తోక తప్ప పెద్ద తేడా కనిపించదు. ధరలో మాత్రం ఎన్నో రెట్ల తేడా.

ఫెరారీ 250 జీటీఓ పేరులో ఆఖరి 'ఓ' అక్షరం కూడా ఆ హోమోలోగేషన్ అనే మాటదే. నిబంధన ప్రకారం వంద తయారుచేయాలి. ఇది కొత్త కారు కాదు, మా పాత 250 జీటీకి మెరుగైన రూపమే అని వాదించి ఫెరారీ గట్టెక్కింది. 1962 నుంచి 1964 దాకా 36 మాత్రమే కట్టారు. మూడు లీటర్ల వి12 ఇంజిన్ (పన్నెండు సిలిండర్లది), చేత్తో కొట్టి తీర్చిన అల్యూమినియం బాడీ. ఆ రోజుల్లో అమెరికాలో ధర సుమారు 18 వేల డాలర్లు. డబ్బుంటే చాలదు, కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ సరేననాలి. 2018లో ఒకటి 4.84 కోట్ల డాలర్లకు, 2023లో ఇంకొకటి 5.17 కోట్ల డాలర్లకు వేలంలో పోయాయి.

ఆ 18 వేలకూ ఈ కోట్లకూ మధ్య ఏం జరిగిందో తెలుసుకుంటేనే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రేసు కారుకు జీవితకాలం రెండు మూడేళ్ళు. కొత్త డిజైన్ రాగానే పాతది ఓడిపోతుంది. ఓడిపోయిన రేసు కారును ఇంటికి తెచ్చుకుని ఏం చేస్తారు? చప్పుడెక్కువ, వేడెక్కువ, సామాను పెట్టుకోవడానికి చోటుండదు. జీటీఓలకూ అదే గతి పట్టింది. టెక్సస్‌లో ఒకాయన తన జీటీఓను ఒక హైస్కూల్‌కు విరాళంగా ఇచ్చేశాడు. 1972లో ఆ స్కూలు దాన్ని 6,500 డాలర్లకు అమ్మింది. అంటే కారు తయారైన పదేళ్ళకు కొన్న ధరలో సగం కూడా రాలేదు. నేను చూసిన విలువైన కార్లలో ముప్పాతిక వంతుకు ఇలాంటి చీకటి కాలం ఒకటుంది. ఎవరికీ పట్టని ఆ పదిహేను ఇరవై ఏళ్ళలో దాన్ని తుక్కుకు వేయకుండా ఎవరో ఒకరు నిలబెట్టారు. అలా నిలిచినవే తర్వాత విలువైనవయ్యాయి.

ఇప్పటిదాకా వేలంలో అన్నిటికంటే ఎక్కువ పలికింది 1955 మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపే. 2022 మేలో స్టుట్‌గార్ట్‌లో, కంపెనీ సొంత మ్యూజియంలోనే అమ్మారు. 13.5 కోట్ల యూరోలు. రెండే కట్టారు, పైకప్పున్న రేసు కారుగా తర్వాతి సీజన్‌లో దించాలని. 1955లో ల మాన్ రేసులో జరిగిన ఘోర ప్రమాదంలో 80 మందికి పైగా చనిపోయారు. ఆ సీజన్ చివరికి మెర్సిడెస్ రేసుల నుంచే తప్పుకుంది. ఆ రెండు కార్లూ రేసు గీత దాటకుండానే ఉండిపోయాయి. వాటిని డిజైన్ చేసిన ఇంజినీరు రుడాల్ఫ్ ఉలెన్‌హౌట్ ఒకదాన్ని ఆఫీసు కారులా వాడుకున్నాడు. ఆయన పేరే దానికి నిలిచింది. గమనించండి, ఆ కారు ఒక్క రేసు కూడా గెలవలేదు. కానీ 67 ఏళ్ళు తయారుచేసిన ఇంట్లోనే ఉంది. అది ఫలానా కారేనా అని అడిగే అవసరమే ఎవరికీ రాలేదు. అమ్మగా వచ్చిన డబ్బుతో విద్యార్థులకు స్కాలర్‌షిప్‌ల నిధి పెట్టారు.

అన్ని కార్లూ అంత అదృష్టంతో పుట్టవు. చేతులు మారతాయి, ఇంజిన్లు పేలతాయి, గుద్దుకుంటాయి. అందుకే మా పనిలో "మ్యాచింగ్ నంబర్స్" అనే మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. ఫ్యాక్టరీలో ఆ ఛాసీలో ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ బిగించారో ఇప్పటికీ అవే ఉన్నాయని అర్థం. అదే మోడల్, అదే రంగు, అంతే బాగా నడిచే రెండు కార్లలో ఒకదాని ఇంజిన్ పుట్టినప్పటిది, ఇంకోదానిది తర్వాత మార్చింది అయితే ధర మూడో వంతో, సగమో పడిపోతుంది.

ఒకసారి ఏం జరిగిందో చెబుతాను. ఒకాయన 1960ల చివరి నాటి, వి8 ఇంజిన్ ఉన్న అమెరికన్ కారు కొనబోతూ నన్ను వెంట తీసుకెళ్ళాడు. అమ్మేవాళ్ళు మ్యాచింగ్ నంబర్స్ అన్నారు, కాగితాలు చూపించారు. కారు అద్దంలా మెరుస్తోంది. బానెట్ ఎత్తి, ఇంజిన్ ముందు భాగంలో నంబరు కొట్టే చదునైన చోటును గుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేశాను. ఫ్యాక్టరీలో ఆ చోటును మెషీన్‌తో చదును చేసినప్పుడు వెంట్రుకల్లా సన్నటి గీతలు ఒకదానికొకటి సమాంతరంగా పడతాయి. నంబరు వాటి మీదే కొడతారు. ఆ గీతలు ఉండాలి. అక్కడ లేవు. నున్నగా ఉంది, పైగా నంబర్లలో ఒక '7' మిగతావాటికంటే కొంచెం లోతుగా దిగింది. అంటే పాత నంబరును అరగదీసి కొత్తది చేత్తో కొట్టారన్నమాట. అనుమానం సరిపోదు కదా. చిన్న అద్దం పట్టుకుని ఇంజిన్ వెనక వైపు బ్లాకు మీద పోత పోసిన తేదీ కోడ్ వెతికాను. ఒక అక్షరం నెలకు, తర్వాతి అంకెలు రోజుకు, ఏడాదికి. ఆ బ్లాకు పోత పోసింది మే నెలలో. కారు తయారైంది అదే ఏడాది ఫిబ్రవరిలో. ఇంకా పుట్టని ఇంజిన్ కారులోకి ఎలా వస్తుంది? అమ్మే మనిషి ముఖం చూశాను. ఆయనకు నిజంగానే తెలియదనిపించింది, ఆయన కొన్నప్పుడే అలా వచ్చి ఉంటుంది. ఆ రోజు బేరం కుదరలేదు. ఆరు నెలల తర్వాత మా మనిషే అదే కారును, ఇంజిన్ మార్చినదని రాతపూర్వకంగా ఒప్పుకున్నాక, మొదట అడిగిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువిచ్చి కొన్నాడు. ఇప్పటికీ హాయిగా నడుపుతున్నాడు. మంచి కారే. కానీ అమ్ముతామన్న కారు అది కాదు.

నంబర్లతో పాటు కాగితాలు. మొదటి బిల్లు, సర్వీస్ బుక్, పాత రిజిస్ట్రేషన్లు, యజమానుల ఉత్తరాలు, ఫొటోలు. మధ్యలో ఖాళీ లేకుండా ఒకరి నుంచి ఒకరికి గొలుసులా ఉండాలి. గొలుసులో పదేళ్ళు కనబడకపోతే ఆ పదేళ్ళలో ఏమైనా జరిగి ఉండొచ్చు, కొనేవాడు దాన్ని ధరలోంచి కోసేస్తాడు. ఇప్పుడు ఫెరారీ, పోర్షా లాంటి కంపెనీలు తమ పాత రికార్డులు చూసి ధ్రువపత్రాలు కూడా ఇస్తున్నాయి. నకిలీలు అంతగా పెరిగాయి కాబట్టే ఆ అవసరం వచ్చింది. ఇందాక చెప్పిన ఆర్‌ఎస్ 2.7 సంగతే చూడండి. మామూలు 911కు బాతు తోక బిగించి, పక్కన స్టిక్కర్ అతికించి ఆర్‌ఎస్ అనిపించడం పెద్ద కష్టం కాదు.

సినిమా కార్ల విషయంలోనూ ఇదే. 1968లో హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 'బుల్లిట్' అనే సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో పరిగెత్తించిన ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ కారు గురించి వినే ఉంటారు. 1974లో ఒక కుటుంబం దాన్ని ప్రకటన చూసి 6 వేల డాలర్లకు కొన్నది. రోజువారీ పనులకు వాడుకున్నారు. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి తిరిగి అమ్మమని అడిగినా అమ్మలేదు. తర్వాత దశాబ్దాల పాటు గ్యారేజీలోనే దాచారు. 2020లో వేలానికొచ్చినప్పుడు 34 లక్షల డాలర్ల దగ్గర సుత్తి పడింది, వేలం సంస్థ రుసుము కలిపితే 37.4 లక్షలు. ఆ రంగు మస్టాంగ్ ఎవరైనా వేయించుకోవచ్చు. కానీ షూటింగ్ కోసం కెమెరా బిగించడానికి కింద వెల్డింగ్ చేసిన ముక్కలు ఆ కారుకు ఇంకా ఉన్నాయి. ఆ ఉత్తరమూ ఉంది. పైగా దాన్ని రంగేసి కొత్తగా చేయలేదు. సొట్టలు, తుప్పు అన్నీ అలాగే ఉంచారు.

ఇక్కడే నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఒకటుంది. పనిలో చేరిన తొలి ఏళ్ళలో ఒకే కుటుంబంలో ముప్ఫై అయిదేళ్ళున్న ఒక సెడాన్ మా దగ్గరికొచ్చింది. రంగు వెలిసిపోయింది, సీట్ల తోలు పగిలింది, కానీ ఎక్కడా రెంచి పెట్టిన గుర్తు లేదు. కొత్తదానిలా చేసిపెట్టమన్నారు. చేశాను. డాష్‌బోర్డు విప్పినప్పుడు లోపలి రేకు మీద మైనపు పెన్సిల్‌తో గీసిన అంకెలు, ఒక సంతకం లాంటి గీత కనిపించాయి. ఫ్యాక్టరీలో తనిఖీ చేసిన కార్మికుడు పెట్టిన గుర్తులవి. మురికి అనుకుని థిన్నర్‌తో తుడిచేశాను. అర నిమిషం పట్టింది. కారు తళతళలాడింది, వాళ్ళు సంతోషించారు, నాకు డబ్బొచ్చింది. ఆ గీత గీసిన చెయ్యి మళ్ళీ రాదని నాకు తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. పెయింట్ మళ్ళీ వేయొచ్చు, కానీ అది అసలు పెయింట్ అవ్వదు.

మార్కెట్టు కూడా ఆ పాఠం ఆలస్యంగానే నేర్చుకుంది. ఒకప్పుడు ప్రదర్శనల్లో బహుమతులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటికంటే ఎక్కువ మెరిసే కార్లకే వచ్చేవి. క్యాలిఫోర్నియాలో పెబుల్ బీచ్‌లో జరిగే ప్రదర్శన ఈ లోకంలో అన్నిటికంటే పేరున్నది. అక్కడ 2024లో మొదటిసారిగా, బాగుచేయకుండా ఉన్నదున్నట్టు కాపాడిన కార్ల తరగతికి చెందిన కారు అత్యున్నత బహుమతి గెలిచింది. అది 1934 బుగాటి టైప్ 59, ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గర ఉన్న కారు. నల్ల పెయింట్ పెచ్చులూడి ఉంది. ఆ వార్త చూసిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

అంతకు ముందు 2015లో పారిస్‌లో జరిగిన బాయాన్ కలెక్షన్ వేలం కూడా చాలామంది కళ్ళు తెరిపించింది. రోజర్ బాయాన్ అనే రవాణా వ్యాపారి మ్యూజియం పెడదామని కార్లు పోగేశాడు. వ్యాపారం దెబ్బతింది, కొన్ని అమ్ముడుపోయాయి, మిగతావి పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఆయన ఎస్టేట్‌లో షెడ్ల కింద దశాబ్దాల పాటు పడి ఉన్నాయి. 59 కార్లను వేలానికి తెచ్చారు. అందులో ఒక ఫెరారీ 250 జీటీ క్యాలిఫోర్నియా స్పైడర్, పాత పత్రికల కట్టల కింద దుమ్ము కొట్టుకుపోయి దొరికింది. నటుడు అలెన్ డెలాన్ అందులో కూర్చున్న పాత ఫొటోలున్నాయి. ఆ దుమ్ముతోనే అమ్మారు. 1.63 కోట్ల యూరోలు. అయితే దీన్ని చూసి ప్రతి తుప్పు కారూ నిధి అనుకోవద్దు. దుమ్ముకు ధర కట్టలేదు, దుమ్ము కింద ఎవరూ ముట్టుకోని క్యాలిఫోర్నియా స్పైడర్ ఉంది. తుప్పు తిన్న రేకు, నీళ్ళు చేరిన ఇంజిన్ అయితే అది కాపాడిన కారు అనిపించుకోదు, వదిలేసిన కారు అంతే.

పేరు ఒక్కటే ఉంటే ఏమవుతుందో డెలోరియన్ కారు చెబుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీ, పైకి లేచే తలుపులు, దానికి పేరు తెచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమా. ప్రపంచంలో దాన్ని గుర్తుపట్టని మనిషి ఉండడు. 1982లో ఫ్యాక్టరీ మూతపడేసరికి 9 వేల దాకా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం ఇంకా ఉన్నాయి, అమ్మకానికి ఎప్పుడూ ఏదో ఒకటి కనిపిస్తుంది. కావాలనుకున్నవాడికి దొరుకుతుంది కాబట్టి ధర ఆకాశానికి వెళ్ళలేదు.

ఇంకో చిన్న సంగతి చాలామంది గమనించరు. ఆ కారుతో ఎక్కడికి వెళ్ళొచ్చు అనేది కూడా ధరలో ఉంటుంది. ఇటలీలో 1927 నుంచి 1957 దాకా జరిగిన మిల్లె మిలియా రేసును ఇప్పుడు పాత కార్ల యాత్రగా జరుపుతున్నారు. ఆనాటి రేసులో పాల్గొన్న మోడళ్ళకే ప్రవేశం. కాబట్టి పెద్దగా పేరులేని ఒక చిన్న ఇటాలియన్ కారు కూడా, ఆ జాబితాలో ఉందంటే, అన్నివిధాలా దానికి సాటి వచ్చే ఇంకో కారు కంటే ఎక్కువ పలుకుతుంది.

తరం మారితే కోరిక మారుతుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మనిషి పదిహేను, ఇరవై ఏళ్ళ మధ్య గోడకు అంటించుకున్న బొమ్మలోని కారునే యాభై దాటాక కొంటాడు. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు 1930ల నాటి మామూలు కార్లకు కొనేవాళ్ళు బారులు తీరేవాళ్ళు. ఇప్పుడు అత్యుత్తమమైనవి తప్ప మిగతావి అమ్మడం కష్టంగా ఉంది, వాటిని ప్రేమించినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ స్థానంలోకి జపాన్ కార్లు వచ్చాయి. 1960ల చివర్లో 351 మాత్రమే తయారైన టొయోటా 2000జీటీ 2013లోనే పది లక్షల డాలర్లు దాటింది. వీడియో గేముల్లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ నడిపి పెరిగిన పిల్లల చేతికి ఇప్పుడు డబ్బొచ్చింది. అమెరికాలో ఆ కారు కొత్తగా ఎప్పుడూ అమ్మలేదు. 25 ఏళ్ళు నిండితేనే బయటి కారును స్వేచ్ఛగా దిగుమతి చేసుకోవచ్చని అక్కడి నిబంధన. 1999లో మొదలైన ఆర్34 మోడల్‌కు 2024లో ఆ గడువు తీరడం మొదలైంది. గడువు దగ్గరపడే కొద్దీ ధరలు ముందే లేచాయి.

లేచింది పడదనీ అనుకోవద్దు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయారు. అప్పటికే వేడెక్కిన మార్కెట్టు ఆ తర్వాత పిచ్చెత్తినట్టు పరిగెత్తింది. కారు తాళం ముట్టుకోని వాళ్ళు కూడా అప్పులు చేసి ఫెరారీలు కొన్నారు. జీటీఓ ధర అప్పుడే కోటి డాలర్లు దాటింది. 1990 తర్వాత కుప్పకూలింది. నాలుగైదేళ్ళలో అదే జీటీఓకు ఆ ధరలో మూడో వంతు ఇచ్చేవాడు కూడా కరువయ్యాడు. జీటీఓలు తర్వాత లేచాయి. ఆ వేడిలో వాటితో పాటు పెరిగిన మామూలు కార్లలో ఎన్నో మళ్ళీ లేవలేదు. ప్రేమతో కొన్నవాళ్ళకు కారైనా మిగిలింది, లాభం కోసం కొన్నవాళ్ళకు టెన్షన్ మిగిలింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇంట్లో ఉన్న పాత కారుకు కోట్లు రావడం దాదాపు జరగదు. వేలల్లో, లక్షల్లో తయారైన కుటుంబ కారు ఎంత బాగా ఉంచుకున్నా, దానికి పెట్టిన ఖర్చు వెనక్కి వస్తే గొప్ప. పెయింట్, ఇంజిన్, సీట్లు అన్నీ మొదటి నుంచి చేయిస్తే కారు విలువకు రెండింతలు ఖర్చవడం నేను చాలాసార్లు చూశాను. అమ్మడం కోసం అయితే వద్దనే చెబుతాను. మీకు ఆ కారు ఇష్టమైతే మాత్రం తప్పకుండా ఉంచుకోండి, వారానికోసారైనా నడపండి. నిలబడిపోయిన కారుకు బ్రేకులు పట్టేస్తాయి, సీళ్ళు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది.

కొన్ని పనులు మాత్రం ఇవాళే చేయండి, డబ్బు పెద్దగా పట్టదు. ఛాసీ నంబరు, ఇంజిన్ నంబరు, ప్లేట్ల మీదున్న ప్రతి అక్షరం ఫొటో తీయండి. ఇంట్లో బీరువాల్లో, పాత ఫైళ్ళలో ఉన్న బిల్లులు, రసీదులు, కారు పక్కన నిలబడి ఎవరు దిగిన ఫొటో అయినా సరే, ఒకచోట చేర్చండి. కారు మొదట కొన్నవాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళ చేత రెండు పేజీలు రాయించుకోండి, తేదీ వేసి సంతకం పెట్టించండి. మెకానిక్ ఏ భాగం మార్చినా పాతది పారేయనివ్వకండి, చీటీ కట్టి దాచండి. పెయింట్ వేయిద్దామని మనసు లాగుతుంది, ఆగండి. ముందు ఒక మూల మెత్తటి పాలిష్‌తో రుద్ది చూడండి. వెలిసిపోయినట్టు కనిపించే పాత పెయింట్ కింద చాలాసార్లు మంచి రంగే ఉంటుంది.

మీ కారు ఏ మోడలో రాయలేదు. తయారీ ప్లేటు, ఇంజిన్ నంబరు ఉన్న చోటు, డాష్‌బోర్డు కింద లోపలి రేకు, ఈ మూడు ఫొటోలు పెట్టండి. నంబరు ఉన్న చోటును పొడి గుడ్డతో మాత్రమే తుడిచి, వెలుతురు పక్కనుంచి పడేలా తీయండి. డాష్‌బోర్డు కింద ఏమైనా రాతలు కనిపిస్తే ముట్టుకోకండి, ఉన్నవి ఉన్నట్టే ఫొటో తీసి పంపండి. చూసి చెబుతాను.